కనీస ఆదాయమా, మూలాదాయమా?

సందేహం: యంత్రాలు, కృత్రిమ మేధ వచ్చి జీతాలు ఊడితే, వాటికి బదులుగా ప్రభుత్వమే ప్రతి ఒక్కరికీ నెలనెలా డబ్బివ్వాలన్న ఆలోచన మీద వ్యాసం రాస్తున్నాను. దాన్ని ‘ప్రభుత్వ జీతం’ అనాలా, ‘నిరుద్యోగ భృతి’ అనాలా, ‘సార్వత్రిక కనీస ఆదాయం’ అనాలా? ఇక్కడి ఒడియా మిత్రులు ‘భత్తా’ చాలంటున్నారు. ‘భత్యం’ అని రాయవచ్చా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి (ఒడిశా)

సమాధానం: భత్యం వద్దు. ఒడియాలో వార్ధక్య భత్తా అంటే మన వృద్ధాప్య పింఛనే. కానీ మీరు ‘వృద్ధాప్య భత్యం’ అని రాస్తే ఆంధ్రా వైపు పాతపట్నంలో పాఠకుడు ఇదేదో ఆఫీసు లెక్క అనుకుంటాడు. తెలుగులో భత్యం జీతాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది: కరువు భత్యం, ప్రయాణ భత్యం. జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానందన్న సామెతలోనూ అవి జంటే. జీతమే పోయినవాడికి భత్యం ఎక్కడిది?

జీతం కూడా కుదరదు. ‘జీవితం’కు వికృతి కాబట్టి పుట్టుక బతుకులోంచే గానీ, వాడుకలో జీతం అంటే పని ఉండాలి, పెట్టుకున్నవాడు ఉండాలి. అందరికీ ప్రభుత్వ జీతం అంటే అందరూ సర్కారు ఉద్యోగులే అన్నట్టవుతుంది. పరిహారం అంటారా, అది పోగొట్టుకున్నవాడికే. ఇంకా ఉద్యోగమే ఎరగని కుర్రవాడికి పరిహారం దేనికి?

భృతి కథ వేరు. అమరకోశం భృతిని, భరణాన్ని, వేతనాన్ని పర్యాయపదాలుగా ఒకేచోట చెప్పింది. తెలుగులో అవి తలో దారి పట్టాయి: వేతనం పనికి, భరణం విడిపోయిన భార్యకు, భృతి పని దొరకనివాడికి. నిరుద్యోగ భృతి పని దొరకగానే ఆగుతుంది, మీరు రాస్తున్నది ఆగదు. ఫిన్లండ్‌లో 2017–18లో 2,000 మందికి నెలకు 560 యూరోలిచ్చి చూశారు. ఎంపికైనవాళ్లంతా నిరుద్యోగులే, అయినా పని దొరికాక కూడా డబ్బు ఆపలేదు. కాబట్టి దాన్ని నిరుద్యోగ భృతి అనడం తప్పు. పేరు పెట్టేటప్పుడు తీసుకునేవాడెవరని కాదు, షరతు ఏమిటని చూడాలి.

ఇక ‘కనీస’. పత్రికల్లో ఎక్కువ కనిపించేదీ, ఎక్కువ గందరగోళం చేసేదీ ఇదే. నెలకు 6,000 అనుకుందాం. మీ పాఠకుడొకడు కూలికి వెళ్లి 4,000 తెచ్చుకుంటున్నాడు. ‘కనీస ఆదాయం’ అయితే లోటు 2,000 మాత్రమే పూడుస్తారు, చేతికి వచ్చేది మొత్తం 6,000. మీరు చెప్పదలచిన పద్ధతిలో 6,000 కదలదు, దాని మీద కూలి 4,000, వెరసి 10,000. ఈ తేడాకు తెలుగు మాట ఎప్పుడో ఉంది. కనీస వేతనం అంటే అంతకు తగ్గరాదన్న హద్దు. మూల వేతనం అంటే మిగతావన్నీ దాని మీద చేరే అడుగు. అదే పోలికతో ‘మూలాదాయం’ అనండి. మూల, ఆదాయం రెండూ సంస్కృత పదాలే గనక సవర్ణదీర్ఘ సంధికీ ఇబ్బంది లేదు.

‘సార్వత్రిక’ తప్పనను. కానీ సర్వత్ర అంటే ‘అంతటా’, ‘అందరికీ’ కాదు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో అదే మాటను ‘ఓపెన్’కు వాడారు. ‘అందరికీ మూలాదాయం’ అంటే చాలు. గిడుగు వారు వాడుక భాష కోసం పట్టుబట్టిన ఊళ్లో ఉండి మీరు దానికి జంకనక్కర్లేదు.

మీ జిల్లాలో అందరూ ఎరిగిన ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకాన్ని ఉదాహరణగా పెడితే మాత్రం జాగ్రత్త. 21 నుంచి 60 ఏళ్ల లోపు అర్హులైన మహిళలకు ఏడాదికి 10,000, అదీ రెండు విడతల్లో. అందరికీ కాదు, నెలనెలా కాదు. దాన్ని ‘సాయం’ అనండి. యంత్రాల లాభంలోంచి పంచాలన్నదే మీ వాదమైతే ‘వాటా’ బాగుంటుంది. అమెరికాలోని అలాస్కాలో చమురు రాబడితో పెట్టిన నిధి నుంచి 1982 మొదలు ఏటా జనానికి పంచుతున్నది వాటాయే, ఏడాదికో రకంగా మారుతుంది. నెలకింత అని ముందే ఖాయం చేసిన మొత్తానికి ఆ మాట నప్పదు.