‘అమ్మ’ రెండక్షరాలే, మరి లెన్ 4 ఎందుకంటోంది?

మీ ప్రోగ్రాంలో తప్పేమీ లేదండి, టెన్షన్ పడకండి. ‘అమ్మ’ అని ఇస్తే, పదం పొడవు చెప్పే లెన్ ఫంక్షన్ 4 చూపిస్తోందని అడిగారు కదా. పైథాన్ 3లో లెన్ లెక్కపెట్టేది మన అక్షరాలను కాదు, యూనికోడ్ కోడ్ పాయింట్లను, అంటే ఒక్కో గుర్తుకు కంప్యూటర్ కోసం ఇచ్చిన నంబర్లను. ‘అమ్మ’లో అ, మ, పొల్లు, మళ్లీ మ, ఇలా నాలుగు ఉన్నాయి. కింద కనిపించే మ వత్తుకు విడిగా కోడ్ లేదు, పొల్లు పక్కన మ చేరితే ఫాంటే దాన్ని వత్తుగా గీస్తుంది. గుణింతపు గుర్తులూ విడివిడిగానే ఉంటాయి, అందుకే ‘తెలుగు’కు 6 వస్తుంది. ‘స్త్రీ’ ఒక్క అక్షరమే, దానికీ 6! పదకేళి ప్రోగ్రాం రాస్తూ నేనూ ఇక్కడే తల పట్టుకున్నాను.

మీకు కావలసింది మనం పలికే అక్షరాల లెక్క అయితే ఇలా చేయండి. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో క్యారెక్టర్ ఏ రకమో చెప్పే కేటగిరీ అనే ఫంక్షన్ ఉంది. ఒక్కో క్యారెక్టర్‌ను దానికిచ్చి, జవాబు ఇంగ్లిష్ అక్షరం ‘M’తో మొదలైతే వదిలేయండి. గుణింతాలు, సున్నా, పొల్లు అన్నీ అలా పోతాయి. మిగిలిన వాటి లెక్కలోంచి, అసలు పదంలో వెంటనే హల్లు వచ్చే పొల్లులు ఎన్నుంటే అంత తీసేయండి. ‘అమ్మ’కు మూడులో ఒకటి పోతే 2. ‘బస్’లో పొల్లు చివర్లో ఉంది కాబట్టి దానికోసం లెక్కలోంచి ఏమీ తీయకూడదు, అక్కడా 2 సరే.

పదాలను ఫైల్ నుంచి చదువుతుంటే ముందు స్ట్రిప్ వాడండి, అది పదం అటూ ఇటూ ఉన్న ఖాళీలను, లైన్ గుర్తులను తీసేస్తుంది. లేకపోతే లైన్ చివరి గుర్తు కూడా లెక్కలో చేరి ఒకటి ఎక్కువ చూపిస్తుంది.