ఆ వీధిలో మనుషులు ఉంటారా?

ప్రశ్న: మా అమ్మాయి లండన్ పక్కన ఒక శివారు కాలనీలో ఉంటుంది. జనవరిలో కాన్పు. డిసెంబరులోనే రమ్మంటున్నది, ఆరు నెలల వీసా కూడా వచ్చింది. మా వీధిలో ఒకామె అట్లాంటి చోటే నాలుగు నెలలు ఉండి వచ్చింది. "అది ఊరు కాదు, జైలు. రోజంతా కిటికీలో కూర్చున్నా మనిషి మొహం కనపడదు" అంటున్నది. మావారు రానంటున్నారు. నేను ఒక్కదాన్ని హైదరాబాద్ దాటి ఎక్కడికీ పోలేదు. అక్కడ నిజంగా ఎట్లుంటుంది?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: చెల్లెమ్మా, ఆమె అబద్ధం చెప్పలేదు. మా అబ్బాయి వాళ్లు లండన్‌కు వాయవ్యాన పిన్నర్ అనే చోట ఉంటారు. నేను మూడుసార్లు వెళ్లి వచ్చాను. మొదటిసారి దిగింది నవంబరు చివర. పాలమూరులో మా ఇల్లు బస్టాండ్ వెనక. తెల్లవారుజామున అజాన్, పాలబండి హారన్, ఆకుకూరలామె కేక, ఆర్టీసీ బస్సుల రొద వినపడితేనే నాకు తెల్లారినట్టు. అక్కడ కొడుకు, కోడలు ఎనిమిదింటికి బయలుదేరిపోతే ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే మిగిలేది. ముందు గది కిటికీ దగ్గర కూర్చుని మనుషులను లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం దాకా ఆరుగురే. పోస్టు తెచ్చే ఆయన, కుక్కను తిప్పే పెద్దాయన, బండిలో పిల్లను తోసుకుంటూ పోయే తల్లి, ఇంకో ముగ్గురు. ఆ రోజు ఏడ్చాను.

అన్నిటికంటే కష్టమైన వేళ సాయంత్రం. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. చలికాలంలో మన గడియారం వాళ్లకంటే ఐదున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం ఐదంటే ఇక్కడ రాత్రి పదిన్నర. మీవారు, మీ అక్కచెల్లెళ్లు అందరూ పడుకొని ఉంటారు. మాట్లాడాలని ప్రాణం కొట్టుకునే వేళకే ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. అందుకని ఇంటికి ఫోన్లన్నీ అక్కడి మధ్యాహ్నం లోపలే చేసుకోండి. సాయంత్రానికి చేతికి ఏదో ఒక పని పెట్టుకోండి. నేను సరిగ్గా ఆ వేళకు జొన్నపిండి పిసికేదాన్ని. రొట్టె చప్పుడు వింటుంటే ఇల్లు ఇల్లులా అనిపించేది.

ఆ నిశ్శబ్దం మనమీద కోపం అనుకోకండి. ఇది అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. పిన్నర్‌కు రైలు వచ్చింది 1885లో. తర్వాత ఆ రైల్వే కంపెనీవాళ్లే 1915 నుంచి లైను వెంట ఉన్న ఊళ్లకు 'మెట్రోలాండ్' అని పేరు పెట్టి ప్రచారం చేశారు. పట్నం గోలకు దూరంగా, వెనక తోట ఉన్న ఇల్లు మీ సొంతం అని ఆశ చూపించారు. 1930ల నాటికి వరసలు వరసలుగా ఇళ్లు లేచాయి. ఎక్కువ భాగం జంట ఇళ్లు, రెండింటికీ నడుమ ఒకటే గోడ. అంటే అక్కడికి వచ్చినవాళ్లు డబ్బులిచ్చి ప్రశాంతతను కొనుక్కున్నవాళ్లు. గోడ అవతలివాళ్లకు ఇబ్బంది కలగకుండా బతకడమే వాళ్ల మర్యాద. మన దగ్గర "వదినా, ఏం కూర వండినవ్?" అని తలుపు తోసుకుని లోపలికి రావడం ఎట్లా మర్యాదో, అక్కడ చెప్పకుండా తలుపు కొట్టకపోవడం అట్లా మర్యాద.

మా పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. నాతో "గుడ్ మార్నింగ్", "చలిగా ఉంది కదా" తప్ప మూడో మాట లేదు. అక్కడ చెత్త డబ్బాలను బండి వచ్చే రోజున రోడ్డు పక్కకు తోసిపెట్టాలి, ఏ వారం ఏ రంగు డబ్బానో కౌన్సిల్ వాళ్లు, అంటే అక్కడి మున్సిపాలిటీ వాళ్లు, ముందే చెబుతారు. బండి వెళ్లిపోయాక ఖాళీ డబ్బాను లోపలికి తెచ్చుకోవాలి. నేను బయటికి వెళ్లేసరికి మా డబ్బా ప్రతిసారీ గేటు లోపలే ఉండేది. కొడుకు పెట్టిపోయాడేమో అనుకున్నాను. ఒక గురువారం కిటికీలోంచి చూస్తే, చేతికర్ర పట్టుకున్న ఆ పెద్దావిడ ఇంకో చేత్తో మా డబ్బాను లాక్కుంటూ వస్తున్నది. "బాగున్నారా" అని ఆమె నన్ను అన్ని వారాలుగా అడుగుతూనే ఉంది. నాకు ఆ భాష తెలియలేదు.

సంక్రాంతికి సకినాలు చేసి ఒక డబ్బా ఆమెకు ఇచ్చాను. వారం తర్వాత ఆ డబ్బాను కడిగి తెచ్చింది, లోపల ఒక సీసా. చేదు నారింజలతో చేసిన మార్మలేడ్. స్పెయిన్ నుంచి ఆ నారింజలు జనవరిలోనే వస్తాయట, అప్పుడే వండి ఏడాదికి సరిపడా పెట్టుకుంటారు. మనం ఎండాకాలంలో ఆవకాయ పెట్టుకున్నట్టే. ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదని మా అమ్మ చెప్పేది. ఆ సీసా చేతిలో పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడిపోయాను.

ఇక మీకు అవసరమయ్యే కొన్ని సంగతులు. జనవరి రాత్రుల్లో నక్కలు అరుస్తాయి. ఆ శివార్లలో నక్కలు ఇళ్ల మధ్యనే తిరుగుతాయి, ఆ అరుపు అచ్చం పసిబిడ్డ ఏడ్చినట్టుంటుంది. ఇంట్లో బాలింత ఉంటుంది కాబట్టి ముందే చెబుతున్నాను, భయపడకండి. బాత్రూంలో నేల మీద నీళ్లు పోయే తూము ఉండదు. పాత ఇళ్లలో మేడమీది నేల చెక్కతో వేసింది, చెంబుతో పోసుకుంటే కింద గది సీలింగ్ తడుస్తుంది. స్నానం టబ్బులోనే. పోపు వేసేటప్పుడు వంటింటి కిటికీ తీయండి, లేకపోతే పొగ అలారం మోగుతుంది. ఇన్సూరెన్స్ మాత్రం తప్పనిసరిగా చేయించుకోండి. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లను ఆస్పత్రిలో చేర్చుకుంటే బిల్లు మనమే కట్టాలి, అది చాలా ఎక్కువ.

రోజూ ఒక్కసారైనా సొంత కాళ్ల మీద బయటికి వెళ్లండి, వాన పడుతున్నా సరే. మొదటి వారం అమ్మాయితో కలిసి షాపు దాకా, రెండో వారం ఒక్కరే. నలుపు తెలుపు చారలున్న జీబ్రా క్రాసింగ్ దగ్గర మీరు కాలు పెడితే కార్లు ఆగుతాయి. నల్లగొండ రోడ్లు దాటినవాళ్లకు అదేం కష్టం కాదు. మా దగ్గర నుంచి వెంబ్లీ వెళ్తే ఈలింగ్ రోడ్డులో కరివేపాకు, దోసకాయ, గుడి అన్నీ దొరికేవి. మీ అమ్మాయి ఉన్నచోటికి దగ్గరలో అట్లాంటి వీధి ఏదో మొదటి వారమే కనుక్కోండి.

మీరు వెళ్లేది చలికాలంలో కాబట్టి మొదటి మూడు నెలలే బరువు. మార్చి చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే. అప్పుడు అదే వీధిలో మనుషులు కనిపిస్తారు. కంచె చెట్లు కత్తిరిస్తూ, మొక్కలకు నీళ్లు పోస్తూ వాళ్లే పలకరిస్తారు. రెండోసారి నేను మే నెలలో వెళ్లాను. పిన్నర్‌లో మే చివరి సెలవు సోమవారం తర్వాత వచ్చే బుధవారం జాతర జరుగుతుంది. 1336లో మూడో ఎడ్వర్డ్ రాజు అనుమతి ఇచ్చిన జాతర అది. చర్చి కింది వీధంతా మూసేసి రంగులరాట్నాలు, మిఠాయి దుకాణాలు పెడతారు. ఇంతమంది ఇన్నాళ్లూ ఈ ఇళ్లలోనే ఉన్నారా అనిపించింది. నాకైతే కురుమూర్తి జాతరలో తిరిగినట్టే ఉంది.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. మీరు ఆరు నెలలకు తిరిగి వస్తారు. మీ బిడ్డ అక్కడే ఉంటుంది. అక్కడ తండ్రికి కాన్పు సెలవు చట్టప్రకారం రెండు వారాలే. మొదటి రోజుల్లో మంత్రసాని నర్సు ఇంటికి వచ్చి చూసిపోతుంది, అది మంచి ఏర్పాటు. ఆ తర్వాత అల్లుడు ఆఫీసుకు పోతే, నాలుగింటికే చీకటిపడే ఇంట్లో పసిగుడ్డుతో ఆమె ఒక్కతే. మీరు రెండు రోజులు తలుచుకుని భయపడుతున్న ఆ నిశ్శబ్దంలో ఆమె ఎన్నాళ్ల నుంచో ఉంటున్నది. డిసెంబరులోనే రమ్మని ఎందుకు అడుగుతున్నదో ఒకసారి ఆలోచించండి. వెళ్లండి. మీవారిని బలవంతం చేయకండి, ఏప్రిల్‌లో మనవడినో మనవరాలినో చూడటానికి ఆయనే బయలుదేరతారు. బాలింత కాస్త తిరగగలిగాక ఇద్దరూ కలిసి లైబ్రరీకి వెళ్లండి. చాలాచోట్ల పసిపిల్లల తల్లులను కూర్చోబెట్టి పాటలు పాడిస్తారు, డబ్బులు ఉండవు. అక్కడ మీ అమ్మాయికి ఇద్దరు స్నేహితులు దొరికితే, మీరు వచ్చేసిన తర్వాత కూడా ఆమెకు పలకరింపు ఉంటుంది.

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్. మాంచెస్టర్ శివారులో ఇల్లు అద్దెకు తీసుకుని రెండు నెలలైంది. పొద్దున ఆరింటికి మిక్సీ చప్పుడు వస్తున్నదని పక్కింటివాళ్లు చీటీ రాసి తలుపులోంచి వేశారు. మా ఆవిడ అప్పటి నుంచి టెన్షన్ పడుతున్నది, వంటింట్లోకి వెళ్లాలంటేనే భయపడుతున్నది. మేం ఇల్లు మారాలా?
– ఒక పాఠకుడు

జవాబు: మారొద్దు తమ్ముడూ. చీటీ రాయడం వాళ్ల దృష్టిలో గొడవ పెట్టుకోకుండా చెప్పే పద్ధతి. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా అక్కడ చప్పుళ్ల విషయంలో కౌన్సిళ్లు గట్టిగా ఉంటాయి. మిక్సీని ఇద్దరి మధ్య గోడకు ఆనకుండా జరిపి, కింద మందపాటి గుడ్డ వేయండి. చట్నీ రాత్రి తొమ్మిదికే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టండి. శనివారం పగటిపూట మీ ఆవిడతో కలిసి వెళ్లి, "తెలియక చేశాం, ఇక ఉండదు" అని వాకిట్లోనే నిలబడి రెండు ముక్కలు చెప్పండి. ఆమె కూడా రావడం ముఖ్యం. అవతలి మనిషి ముఖం చూస్తే చీటీ భయం పోతుంది. ఒకవేళ ఆ చీటీలో మీ రంగు గురించో, దేశం గురించో ఒక్క మాట ఉన్నా అది వేరే సంగతి. అక్కడ అది నేరం కింద చూస్తారు. చీటీ దాచిపెట్టి 101కి ఫోన్ చేసి పోలీసులకు చెప్పండి. ఓర్చుకుని ఊరుకోవద్దు.

ప్రశ్న: అబ్బాయి దగ్గరికి నాటుకోడి పచ్చడి, నెయ్యి తీసుకుపోవచ్చా?
– సూర్యాపేట నుంచి

జవాబు: వద్దమ్మా. మన దేశం నుంచి మాంసంతో చేసినవి, పాలతో చేసినవి అక్కడికి తీసుకురానివ్వరు. ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. నెయ్యి అక్కడి మన షాపుల్లో దొరుకుతుంది. మీ ఇంట్లో కొట్టిన కారం, ఎండబెట్టిన గోంగూర పొడి, బాగా మూత బిగించిన మామిడికాయ తొక్కు తీసుకుపోండి. ఆ తొక్కు వాసనకే మా అబ్బాయి ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.