నాన్న డ్రమ్స్ అమ్మేయాలా, అప్పు చేసి బాగు చేయించాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాకు 41 ఏళ్లు. మా నాన్న రైల్వేలో ఉద్యోగం చేస్తూనే పెళ్లిళ్లలో, వినాయక చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రాకి జాజ్ డ్రమ్స్ వాయించేవారు. ఆయన సెట్ 1960ల నాటిది, ఇంగ్లండ్‌కు చెందిన ప్రీమియర్ కంపెనీది. ఊరు విడిచి వెళ్తున్న ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం దగ్గర కొన్నారట. ఎనిమిది నెలల క్రితం నాన్న పోయారు, సెట్ అటక మీద ఉంది. చిన్నప్పుడు నాకు నేర్పబోతే ‘ఆ గోల నాకొద్దు’ అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఇప్పుడు అది తలచుకుంటే రాత్రి నిద్ర పట్టదు. రిపేరు చేసే ఒకాయన డ్రమ్ముల అంచులు కోసి, పాత కవరింగ్ పీకి కొత్తది వేసి, క్రోమ్ మళ్లీ చేయించి కొత్తదానిలా ఇస్తానన్నాడు. 80 వేలు అవుతుందట. లోన్ తీసుకుందామంటే నా భార్య ఒప్పుకోవడం లేదు. నాన్న ఆస్పత్రి ఖర్చు చాలావరకు పెట్టుకున్న చెల్లెలు అమ్మేసి పంచుకుందాం అంటోంది. నాన్న వస్తువు కొడుక్కే కదా అని బంధువులంటున్నారు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: లోన్ తీసుకోకండి. మీ భార్య డబ్బు గురించి ఆలోచించి వద్దని ఉండొచ్చు. నేను వద్దంటున్నది ఆ రిపేరు గురించి కూడా. పాత వాద్యాలు బాగుచేసే ఒకరితో మాట్లాడాకే ఇది రాస్తున్నాను.

1960ల చివరి దాకా వచ్చిన చాలా ప్రీమియర్ డ్రమ్ములు ఇప్పటి కొలతల కన్నా కొద్దిగా పెద్దవి. అందుకే ఇప్పుడు షాపుల్లో దొరికే స్కిన్లు, అంటే డ్రమ్ మీద బిగించి వాయించే పొరలు, వాటి మీద సరిగా కూర్చోవు. మీ రిపేరు ఆయన అంచులు కోస్తానన్నది బహుశా ఆ ఇబ్బంది తప్పించుకోవడానికే. కానీ స్కిన్ ఆనేది ఆ అంచు మీదే. డ్రమ్ ఎలా పలుకుతుందన్నది చాలావరకు అక్కడే తేలుతుంది. ఒకసారి కోస్తే మళ్లీ రాదు. పాత కొలతకు సరిపడే స్కిన్లు విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు, కాస్త ఖరీదైనా సరే. కవరింగ్ సంగతీ అంతే. పాత సెట్లు కొనేవాళ్లు అసలు కవరింగ్ ఉందా, బ్యాడ్జీ ఉందా, కొత్తగా రంధ్రాలేమైనా వేశారా అని చూస్తారు. రంగు వెలిసినా, గీతలు పడినా అసలుదానికే విలువ. అంటే 80 వేలు పోసి మీరు దాని ధర తగ్గిస్తారు, నాన్న చేతిలో నలిగినదంతా చెరిపేస్తారు.

చేయాల్సింది చాలా తక్కువ. ఫొటోలు తీసుకుంటూ విప్పండి, స్క్రూలూ రాడ్లూ తుడిచి చుక్క నూనె వేయండి. సింబల్స్ (సెట్‌తో ఉండే తాళాల్లాంటి లోహపు పళ్లాలు) మీద ఇత్తడి పాలిష్ పెట్టి రుద్దకండి, కంపెనీ ముద్ర పోతుంది. చెక్క పొరలు ఎక్కడైనా విడిపోతుంటే అప్పుడు మాత్రం పని తెలిసినవాళ్లకు చూపించండి.

ఇక ‘ఆ గోల నాకొద్దు’ అన్న మాట. చిన్నపిల్లాడు అన్న మాట అది. దానికి ఇప్పుడు 80 వేలు జరిమానా కట్టాలనుకుంటున్నారని నాకనిపించింది. నాన్న నొచ్చుకుని మళ్లీ అడగలేదని మీరే తీర్మానించుకున్నారు. ఆయన ఎందుకు అడగలేదో మీకు తెలియదు, నాకూ తెలియదు. అమ్మకు తెలిసి ఉండొచ్చు. ఇంత ఉత్తరంలో అమ్మ గురించి ఒక్క వాక్యమే రాశారు. ప్రోగ్రామ్ ముగించుకుని ఆయన ఏ తెల్లవారుజామునో ఇంటికొస్తే తలుపు తీసింది ఆవిడే కదా! ఆ డబ్బులు ఇంట్లో దేనికి పనికొచ్చేవో ఆవిడకే తెలుసు. డ్రమ్స్ ఏం చేద్దామని ఆవిణ్ణి ఎవరైనా అడిగారా? ఈ ఆదివారం పక్కన కూర్చుని అడగండి. సలహా కోసమే కాదు, ఆవిడ చెప్పేది వినడానికి కూడా. నాన్నతో ఆర్కెస్ట్రాలో పనిచేసినవాళ్లెవరైనా ఊళ్లో ఉంటే ఇంటికి పిలవండి, వాళ్ల చేత సెట్ బిగించి ఒక గంట వాయింపించుకోండి. ఇంట్లో అందరూ వినాలి, మీ భార్య కూడా.

బంధువుల మాట తప్పు. వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తిలో అమ్మకు, మీకు, మీ చెల్లెలికి సమాన వాటా ఉంటుంది. నాయనమ్మ బతికి ఉంటే ఆవిడకూ ఉంటుంది. డ్రమ్స్ కూడా ఆస్తే. అందుకని మీరొక్కరే అమ్మడానికీ లేదు, ఒక్కరే కోయించడానికీ లేదు.

చెల్లెలి గురించి నిక్కచ్చిగా చెప్తాను, బాధపడకండి. ఆస్పత్రి ఖర్చు ఆమె మోసింది. మీరు అప్పు చేద్దామనుకున్నది మాత్రం డ్రమ్స్ కోసం. ఆమె వైపు నుంచి చూస్తే అది ఎలా ఉంటుందో ఆలోచించండి. ఫోన్ చేసి డ్రమ్స్ ఊసు ఎత్తకుండా, ‘నాన్న ఆస్పత్రికి మొత్తం ఎంతైంది, నా వంతు నెలనెలా ఇస్తాను’ అని చెప్పండి. చెప్పిన నెల నుంచే ఇవ్వండి. ఆ తర్వాత కూడా ఆమె అమ్మేద్దామంటే అది న్యాయమైన కోరికే. విలువ కట్టించి ఆమె వాటా మీరు ఇచ్చుకోవచ్చు.

ముగ్గురూ అమ్మడానికే ఒప్పుకుంటే నాన్నకు ద్రోహం చేశామని అనుకోకండి. కనీసం ఇద్దరి చేత ధర కట్టించండి. విడివిడిగా కాకుండా సెట్ మొత్తం ఒకరికే, వీలైతే వాయించేవాళ్లకు ఇవ్వండి.

తొందరేం లేదు. సంవత్సరీకానికి ఇంకా నాలుగు నెలలుంది, చెల్లెలు వస్తుంది కదా, అప్పుడు ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. ఈలోగా సెట్‌ను అటక మీద నుంచి దించి గోడకు ఆనించకుండా గదిలో పెట్టండి. సముద్రం గాలికి క్రోమ్ తుప్పు పడుతుంది, చెదలు పట్టే ప్రమాదమూ ఉంది. నిద్ర సంగతి మాత్రం అప్పటిదాకా ఆపకండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ కౌన్సెలర్లు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఈ రాత్రి నిద్ర పట్టకపోయినా చేయొచ్చు.