ఆర్ట్ కాలేజీకి వెళ్లకుండా, నల్గొండలోనే ఉండి ఇలస్ట్రేటర్ కావచ్చా? మొదట ఏ ట్యాబ్ కొనాలి?

కావచ్చు. నేను అయ్యాను. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తూ ఇక్కడే ఇల్లు గడుపుతున్నాను. ట్యాబ్ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే అది చివరి సంగతే. సొంతంగా నేర్చుకునేవాళ్లు మధ్యలో ఆగిపోయేది చెయ్యి తిరగక కాదు. ఎవరో గీసిన బొమ్మలు చూసి గీస్తూ అక్కడే ఉండిపోవడం వల్ల.

తెలుగు పిల్లల కథల పుస్తకం ఏదైనా తెరవండి. ఊరంటే చాలు కాలువ, గట్టున కొబ్బరిచెట్లు, పెంకుటిల్లు. దేవరకొండ వైపు బస్సులో పోతే మీకేం కనిపిస్తుంది? గుండు మీద గుండు నిలబడ్డ గుట్టలు, తాటిచెట్లు, తుమ్మలు, బత్తాయి తోటలు. నల్గొండలో ఏ సందులో నిలబడ్డా ఒక పక్కన లతీఫ్ సాహెబ్ గుట్టో, కాపురాల గుట్టో కనిపిస్తూనే ఉంటుంది. ఇవి బొమ్మల్లోకి ఎందుకు రావు? మన పిల్లలు తమ ఊరిని పుస్తకంలో ఎప్పుడు చూసుకోవాలి? ఈ విషయంలో నాకు చాలా మంట.

ఒకసారి ఒక కథకు బర్రె బొమ్మ కావాల్సి వచ్చింది. పొద్దు గూకినా చెరువులోంచి బయటికి రాని మొండి బర్రె కథ అది. నెట్‌లో ఫొటోలు బోలెడున్నాయి. వాటి జోలికి పోకుండా మా చిన్నమ్మ వాళ్ల ఊరెళ్లి దొడ్డి ముందు కూర్చున్నాను. ఫొటో చూసి గీసిన జంతువుకు బరువుండదు, ఎవరేమన్నా నా మాట ఇదే.

బర్రె కుదురుగా నిలబడదు. గీత సగంలో ఉండగానే తల తిప్పేస్తుంది. అప్పుడు ఆ బొమ్మను అలాగే వదిలి, అదే కాగితం మీద పక్కన ఇంకొకటి మొదలుపెట్టాలి. కాసేపటికి మళ్లీ పాత వాటంలోకి వస్తుంది, వదిలేసిన గీత అందుకోవచ్చు. అలా గీస్తుంటే ఒక్కొక్కటే తెలుస్తుంది. నడిచేటప్పుడు తల పైకెత్తదు, మూతి ముందుకు చాచి వీపుకు సమంగా ఉంచుతుంది. తుంటి ఎముకలు చర్మం కింద మంచంకోళ్లలా పొడుచుకొస్తాయి. పడుకునేటప్పుడు ముందుకాళ్లు మడుస్తుంది, లేచేటప్పుడు వెనక భాగం ముందు లేపుతుంది. గుర్రం లేచే తీరు వేరు, ముందుకాళ్ల మీద లేస్తుంది. ఇక రంగంటారా, చెరువులోంచి వచ్చిన బర్రె నల్లగా ఉండదు. తడి వీపు మీద ఆకాశం నీలం పడుతుంది, బురద ఆరిన చోట బూడిద రంగు తేలుతుంది.

కొమ్ములు వేయబోతుంటే చిన్నమ్మ వెనక నిలబడి చూస్తూ అన్నది: "రెండు కొమ్ములు ఒక్కతీరు ఎయ్యకు బిడ్డా. దాని ఎడమ కొమ్ము కిందికి వాలి ఉంటది. అట్లుంటేనే అది మన బర్రె." అలాగే వేశాను. ఇంటికొచ్చి గాజు పలక కింద బల్బు పెట్టి బొమ్మను మందపాటి కాగితం మీదికి ఎక్కించి, పాళీతో ఇంకు గీసి పంపాను. పబ్లిషర్ ఆఫీసు నుంచి ఫోన్: "ఒక కొమ్ము వంకరగా వచ్చింది, కంప్యూటర్‌లో సరిచేస్తాం." నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు వాదన నడిచింది. చివరికి పుస్తకం ఆ కొమ్ముతోనే అచ్చయింది. మీరూ ఇలాంటి చోట వెనక్కి తగ్గకండి.

కాలేజీ లేదని కుంగిపోనక్కర్లేదు. బ్రష్ పట్టడం నాకు నేర్పింది క్లాక్‌టవర్ దగ్గర బోర్డులు రాసే ఒక పెద్దమనిషి. కొలత లేకుండా, బ్రష్ ఎత్తకుండా 'ళ' రాసేవాడు. ఎనామిల్ పెయింట్ ఎంత పలచనైతే జారదో ఆయన్ని చూసే తెలుసుకున్నాను. ఫ్లెక్సీలు వచ్చి ఆ దుకాణాలన్నీ మూతపడ్డాయి. ఊళ్లో అందం పోవడం ఒక ఎత్తు, మీలాంటి కొత్తవాళ్లకు ఫీజు లేని బడి పోవడం ఇంకో ఎత్తు. తెలంగాణ రాజముద్ర గీసిన ఏలె లక్ష్మణ్ గారిది ఉమ్మడి నల్గొండ జిల్లాలోని కదిరేనిగూడెం. 2014లో నెల్సన్ మండేలా క్యారికేచర్‌కు వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ గెలిచిన పామర్తి శంకర్ గారిదీ నల్గొండే. ఇక్కడ పుట్టినవాళ్లకు చూపు లేదనేవాళ్లకు ఈ రెండు పేర్లు చెప్పండి. సెలవు రోజు నల్గొండ పక్కనే ఉన్న పానగల్లు పోయి పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది రామాయణ, భారత శిల్పాలు గీయండి. గుంపులో మనుషుల్ని ఎలా కూర్చాలో అంతకన్నా బాగా ఏ వీడియో చెప్పదు.

ఇక ట్యాబ్. ఇంట్లో కంప్యూటర్ ఉంటే స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ చాలు. ఖరీదైనది కొని ఈఎంఐ టెన్షన్ పెట్టుకోకండి. తెర మీద మెరిసే నీలం అచ్చులో చాలావరకు చప్పబడుతుంది, కాబట్టి పంపేముందు సీఎంవైకేలోకి, అంటే అచ్చుకు వాడే నాలుగు ఇంకుల రంగుల పద్ధతిలోకి మార్చి చూసుకోండి. ఇంకు బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి పంపొద్దు, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించండి.

మొదట్లో నేను పబ్లిషర్లకు పంపిన బొమ్మలకు కనీసం వద్దనే జవాబు కూడా వచ్చేది కాదు. అయినా నెల నెలా పంపాను, ఎప్పుడూ కొత్తవే. పని వచ్చాక మాత్రం సగం డబ్బు ముందే అడగండి, మార్పులు ఎన్నిసార్లు చేస్తారో మెయిల్‌లో రాయించుకోండి. పెళ్లిళ్లలో "మా బాబు బొమ్మ గీసియ్యి, నీకు రెండు నిమిషాల పని" అనే చుట్టాలకు రేటు చెప్పండి. మొహమాటపడితే పబ్లిషర్లూ అలాగే చూస్తారు. ఒక పుస్తకం రెండో ముద్రణకు వెళ్లింది, మొదటి ముద్రణ డబ్బులే నాకు ఇంకా పూర్తిగా అందలేదు.