నాన్నగారు మిమ్మల్నే ఎందుకు ఆపారు?

ప్రభుత్వాన్ని ధిక్కరించి జైలుపాలైన ఒక రచయిత అనారోగ్యాన్ని మీ తమ్ముడు ఫేస్‌బుక్‌లో ‘నాటకం’ అని వెటకారం చేశాడని, మీరు ఘాటుగా జవాబు రాస్తే నాన్నగారు ఫోన్ చేసి మీ పోస్టు ఒక్కటే తీయించారని రాశారు. జైల్లో ఉన్నవారి గురించి ఎవరు ఎంతవరకు మాట్లాడవచ్చో తేల్చి చెప్పమన్నారు.

దానికి నా దాకా రానక్కరలేదు. ఆ రచయిత అభిప్రాయాలను మీ తమ్ముడు ఎంతైనా ఖండించవచ్చు గానీ, తిరిగి జవాబిచ్చే వీలులేని మనిషి రోగాన్ని ఎగతాళి చేయడం, విచారణ ముగియకముందే నేరస్థుడని తీర్పు చెప్పడం తప్పు. రష్యా ప్రతిపక్ష నేత అలెక్సీ నవాల్నీని ‘మనస్సాక్షి ఖైదీ’గా, అంటే హింసకు దిగకుండా కేవలం తన అభిప్రాయాల వల్ల జైలుపాలైనవాడిగా, గుర్తించిన మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, ఆయన పాత విద్వేష వ్యాఖ్యల కారణంగా 2021 ఫిబ్రవరిలో ఆ గుర్తింపును వెనక్కి తీసుకుని, మే నెలలో క్షమాపణ చెప్పి తిరిగి ఇచ్చింది, ఆ నడుమ కూడా ఆయనను విడుదల చేయాలని అడగడం మాత్రం మానలేదు. మాటలు నచ్చని మనిషి పట్ల సైతం పాటించవలసిన మర్యాద అది. 2024 ఫిబ్రవరిలో ఆయన జైల్లోనే మరణించాడు.

మీ వైపూ ఒక పొరపాటుంది. ఆ రచయిత తన భార్యకు రాసుకున్న ఉత్తరాన్ని, ఆమెను అడగకుండానే మీ పోస్టులో పెట్టారు. మీ ఉద్దేశం మంచిదే అయినా, దాని పర్యవసానాలు భరించవలసింది ఆ ఇల్లాలే.

ఇక అసలు సంగతి. నాలుగు పేజీల మీ ఉత్తరంలో నాన్నగారికి దక్కినవి మూడే వాక్యాలు, నేను వాటి దగ్గరే ఆగిపోయాను. ‘వాడు మగపిల్లాడు, ఏదో వాగుతాడు, నీకు అత్తవారిల్లుంది, వాళ్లేమనుకుంటారు’ అన్నారట. ఆయనకు ఆ రచయితతో పేచీ లేదమ్మా. కొడుకు తన మాట వినడని ఆయనకు తెలుసు, కూతురు వింటుందనీ తెలుసు, అందుకే వినేవాళ్లకే చెప్పారు. పెద్దల మాటకు విలువ ఇవ్వాలన్నదే నా అభిప్రాయమూ. అయితే పెళ్లయి పన్నెండేళ్లయిన కూతురు, తన ఆలోచనను దాచుకుంటేనే పుట్టింటి పరువు నిలుస్తుందనడం గౌరవం అడగడం కాదు, మీ తమ్ముడి తప్పును మీ చేత మోయించడం. మీరూ ఇన్నేళ్లుగా దాన్ని మోస్తూ మంచి కూతురనిపించుకున్నారేమోనని నాకు అనిపిస్తోంది.

ఫోన్‌లో కాదు, స్వయంగా వెళ్లి నాన్నగారి దగ్గర కూర్చోండి. తమ్ముడి చేత క్షమాపణ చెప్పించమని అడగకండి, ఆ రచయిత ప్రస్తావనే తేకండి. ‘ఇద్దరం రాస్తే నన్నొక్కదాన్నే ఎందుకు ఆపారు నాన్నా’ అని అడిగి, ఆయన జవాబు చెప్పేదాకా ఓపిక పట్టండి. ఆ పైన, ఆ రచయిత భార్యకు రాసుకున్న ఉత్తరం తీసేసి మీ పోస్టు మళ్లీ పెట్టుకోండి. ఆ సంగతి నాన్నగారికి చెప్పి పెట్టండి, అంతేగానీ అనుమతి అడగవద్దు.

అన్నట్టు, ఆ పోస్టు చూసి మీ అత్తవారు ఏమన్నారో ఎక్కడా రాయలేదు. ఏమీ అనలేదనే నా అనుమానం. అదే నిజమైతే నాన్నగారికి ముందుగా ఆ మాటే చెప్పండి.