ఆ అర బ్యాండ్ ఎక్కడ పోతోంది?

ప్రశ్న: మేడమ్ గారూ, బీటెక్ అయిపోయి కూకట్‌పల్లిలో ఉంటున్నాను. ఐర్లండ్‌లో మాస్టర్స్‌కి ట్రై చేస్తున్నాను. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో ఓవరాల్ 6.5 రావాలి, ఏ సెక్షన్‌లోనూ 6 కంటే తగ్గకూడదని యూనివర్సిటీ వాళ్ళు పెట్టారు. నెల కిందట రెండోసారి రాశాను. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 6. రైటింగ్ మాత్రం మళ్ళీ 5.5 దగ్గరే ఆగింది. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నాను, వాళ్ళిచ్చిన టెంప్లేట్లన్నీ బట్టీ పట్టాను. ఇంట్లో వాళ్ళేమో మళ్ళీ కోచింగ్‌లో చేరమంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేను రాసిన ప్రాక్టీస్ వ్యాసం ఒకటి పంపుతున్నాను, చూడగలరు.

జవాబు: బాబూ, వయసులో పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనేస్తున్నా, ఏమనుకోకు. ముందు లెక్క చూద్దాం. నాలుగూ కూడితే 26, నాలుగుతో భాగిస్తే 6.5. అంటే ఓవరాల్ నీకు వచ్చేసింది! నీకు అడ్డం పడుతున్నది రైటింగ్‌లో ఒక్క అర బ్యాండ్, అంటే అర పాయింటు. దానికోసం మొత్తం పరీక్ష మళ్ళీ రాయక్కర్లేదు. నువ్వు రాసింది కంప్యూటర్ మీదైతే వన్ స్కిల్ రీటేక్ అని ఒకటుంది, ఆ పరీక్ష రాసిన 60 రోజుల్లోపు ఒక్క సెక్షన్ మాత్రం మళ్ళీ రాయొచ్చు. నెల అయిపోయిందన్నావు కాబట్టి ఎక్కువ టైమ్ లేదు. అయితే దాన్ని అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు. డబ్బు కట్టకముందే అడ్మిషన్ల ఆఫీసుకి మెయిల్ పెట్టి, ఒప్పుకుంటామని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. కన్సల్టెన్సీ వాళ్ళు నోటితో చెప్పినదాన్ని నమ్ముకుని కూర్చోకు.

ఇక నీ వ్యాసం. టాపిక్ ఏంటి? ఊళ్ళో ట్రాఫిక్ తగ్గాలంటే ప్రభుత్వం రోడ్లు వెడల్పు చేయాలా, బస్సులూ రైళ్ళ మీద ఖర్చు పెట్టాలా అని. నువ్వెలా మొదలుపెట్టావు? "ఇన్ దిస్ ఫాస్ట్ పేస్డ్ మోడర్న్ వరల్డ్, ఇట్ ఈజ్ ఎ హైలీ డిబేటబుల్ టాపిక్" అట. ఆ వాక్యం కింద ట్రాఫిక్ పెట్టినా, టీవీ పెట్టినా, టమాటా ధర పెట్టినా అతుక్కుంటుంది, చిక్కంతా అక్కడే ఉంది. దిద్దేవాళ్ళు అలాంటివి వందల్లో చూసుంటారు, బట్టీ వాక్యాలని ఇట్టే పట్టేస్తారు, వాటిని నీ ఇంగ్లీషు కింద లెక్కేయరు. నిజం చెప్పాలంటే ఈ పాపం నేనూ చేశాను. పదేళ్ళ కిందట మైత్రీవనం వెనకాల ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేటప్పుడు ఇలాంటి టెంప్లేట్లు జిరాక్సులు తీయించి మరీ పంచాను. పిల్లలకి ధైర్యంగా ఉంటుందనుకున్నా, తీరా చూస్తే సగం మందికి రైటింగ్‌లో ఇదే 5.5.

నువ్వు రోజూ కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటకి ఎలా వెళ్తావు? మెట్రోలోనే కదా. పొద్దున తొమ్మిదింటికి డబ్బాలో ఊపిరాడదు, అయినా బస్సు ఎక్కవు, ఎందుకంటే కింద రోడ్డు మీద ఎప్పటికి చేరతావో నీకే తెలీదు. పైగా మెట్రో దిగాక ఇంటికి షేర్ ఆటో వెతుక్కోవాలి. చూశావా, రెండు పేరాలకి సరిపడా సరుకు నీ దగ్గరే ఉంది: రైలు వేస్తే జనం ఎక్కుతారు, కానీ స్టేషన్ నుంచి ఇంటిదాకా బస్సు లేకపోతే సగం మంది బండి తీస్తారు. దీన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాసినా నీ టెంప్లేటు కంటే నయం. మార్కులు వేసేది నాలుగు విషయాలకి: అడిగినదానికి సూటిగా జవాబు చెప్పావా, ఒక మాట నుంచి ఇంకో మాటకి సాఫీగా వెళ్ళావా, పదాలు సరిగ్గా వాడావా, గ్రామర్ ఎలా ఉంది. నాలుగింటికీ సమానమైన వాటా. నువ్వు మొదటిదాన్లోనే దెబ్బతింటున్నావు. రోడ్లా, రైళ్ళా అని అడిగితే, రెండిటికీ లాభనష్టాలున్నాయని చెప్పి తప్పుకున్నావు.

చిన్న తప్పులు కూడా చెప్తా. 'డిస్కస్ అబౌట్' అని మూడుసార్లు రాశావు. మనం 'గురించి' చర్చిస్తాం కాబట్టి చెయ్యి అలా పోతుంది, ఇంగ్లీషులో డిస్కస్ పక్కన అబౌట్ రాదు. 'కోప్ అప్ విత్' కూడా అంతే, మధ్యలో ఆ అప్ ఉండదు. 'వన్ ఆఫ్ ది రీజన్' అన్నచోట రీజన్స్ అనాలి. ఇవి గోడ మీద రాసి పెట్టుకో.

ఇంకో సంగతి, మొదటి టాస్క్‌లో గ్రాఫుని వివరించడానికి అరగంట పట్టిందని వ్యాసం కింద రాశావు. రెండో టాస్క్ అయిన వ్యాసానికి వెయిటేజీ రెట్టింపు. మొత్తం గంటలో గ్రాఫుకి 20 నిమిషాలే, 150 పదాలు దాటగానే వదిలేయ్. వ్యాసానికి 40 నిమిషాలు, 250 పదాలు తగ్గకూడదు. కంప్యూటర్‌లో పదాల లెక్క కిందే కనపడుతుంది కాబట్టి వేళ్ళు మడిచే పని లేదు. మళ్ళీ కోచింగా? వద్దు. ఆ డబ్బుతో రాసినవి దిద్దిపెట్టే మనిషిని చూసుకో. రోజుకొక వ్యాసం టైమ్ పెట్టుకుని రాయి, దిద్దించుకో, మర్నాడు అదే వ్యాసం మళ్ళీ రాయి.

ప్రశ్న: కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) కోసం మావారితో పాటు నన్నూ పరీక్ష రాయమంటున్నారు. నేను తెలుగు మీడియం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. స్పీకింగ్ ప్రాక్టీస్‌లో టాపిక్ రాసిన కార్డ్ ఇస్తే అర నిమిషానికే మాటలు అయిపోతున్నాయి. నా యాసకి మార్కులు పోతాయా?

జవాబు: యాసకి మార్కులు పోవమ్మా, మాట అర్థమైతే చాలు. ఈ పరీక్షలో రెండు రకాలున్నాయి, పీఆర్‌కి మీరు జనరల్ ట్రైనింగ్ రాయాలి, అకడమిక్ కాదు, అప్లై చేసేటప్పుడు చూసుకోండి. మీ స్కోరుకి కూడా మీ ఇద్దరి అప్లికేషన్‌లో పాయింట్లు కలుస్తాయి కాబట్టి మీవారు అడగడంలో న్యాయం ఉంది. కార్డ్ ఇచ్చాక ఒక నిమిషం టైమ్, కాగితం, పెన్సిల్ ఇస్తారు. అందులో వాక్యాలు రాయకండి. మీకు నచ్చిన వంట గురించి అని వచ్చిందనుకోండి: అమ్మ, గోంగూర, ఆదివారం, చెయ్యి కాలడం, అని నాలుగు మాటలు గీకండి. ఆ చెయ్యి కాలిన కథే ముప్పావు నిమిషం నడుస్తుంది. రెండు నిమిషాలకి ఎగ్జామినరే ఆపుతారు, ఆపితే తప్పు చేశామని కంగారు పడొద్దు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనొచ్చు. ఇంట్లో కుక్కర్ పెట్టి, విజిల్స్ వచ్చేలోపు ఏదో ఒకదాని గురించి ఇంగ్లీషులో పైకి మాట్లాడండి. పిల్లలు నవ్వితే నవ్వనీయండి.

ప్రశ్న: లిజనింగ్‌లో తెలియనివి గుడ్డిగా పెడితే మార్కులు కోస్తారా? ఆధార్ తీసుకెళ్తే చాలా?

జవాబు: కోయరు. 40 ప్రశ్నల్లో ఒక్కటీ ఖాళీగా వదలొద్దు. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, పోయినదాని కోసం ఏడుస్తూ కూర్చుంటే పక్కదీ పోతుంది. రెండు పదాలకి మించొద్దు అంటే మూడో పదం రాయకండి, స్పెల్లింగ్ తప్పితే మార్కు పోయినట్టే. ఆధార్ కుదరదు, అప్లికేషన్‌లో నంబరు ఇచ్చిన ఆ పాస్‌పోర్టే ఒరిజినల్ పట్టుకెళ్ళాలి. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసొచ్చి పాస్‌పోర్ట్ బీరువాలో మర్చిపోయిన అమ్మాయి ఒకతి మా వీధిలోనే ఉంది.