అట్లాంటిక్ సిటీకి వెళ్తున్న అక్క కూతురికి

చి. సింధూకి,

పిన్ని ఆశీస్సులు.

వచ్చే శనివారం ఆఫీసు స్నేహితులతో కలిసి న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి అట్లాంటిక్ సిటీ క్యాసినోలకి వెళ్తున్నామని, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొస్తామని, ఈసారి స్లాట్ మిషన్ల జోలికి పోకుండా పోకర్ టేబుల్ దగ్గర కూర్చోవాలని ఉందని రాశావు. ఫోన్లో చెప్తే సగం గుర్తుండదని ఇలా వివరంగా రాస్తున్నాను. నేను చాలా ఏళ్లుగా అక్కడ చిన్న పందేల టేబుళ్ల దగ్గరే ఆడుతున్నాను. ఆ ఆటంటే నాకు ఇష్టం, గౌరవం. ఆడితే సరిగ్గా ఆడాలన్నదే నా ఆశ.

ముందు డబ్బు సంగతి తేల్చుకో. వన్-త్రీ టేబుల్ అంటే బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా పెట్టాల్సిన పందేలు) ఒక డాలరు, మూడు డాలర్లు. దానికి 300 డాలర్లతో కూర్చుంటే చక్కగా ఆడుకోవచ్చు. రెండు కవర్లు తీసుకుని ఒక్కోదాంట్లో 300 పెట్టు. మొదటిది పోతే రెండోది తియ్యొచ్చు. అదీ పోతే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, లేచి బోర్డ్‌వాక్ (సముద్రం ఒడ్డున ఉన్న చెక్క దారి) మీద సముద్రం చూసి రా. డెబిట్ కార్డు, క్రెడిట్ కార్డు ఇంట్లోనే వదిలెయ్యి. క్యాసినోలో ఏటీఎం ఎక్కడ చూసినా కనిపిస్తుంది, ఫీజు కూడా గట్టిగానే ఉంటుంది. అసలు 600 పోతే ఈ నెల అద్దెకో, ఇంటికి పంపే డబ్బుకో ఇబ్బంది అవుతుందంటే ఈసారికి వెళ్లొద్దు. ఇది మొహమాటం లేకుండా చెప్తున్నాను.

ఇంకో మాట. అమ్మకి చెప్పే వెళ్లు. పేకాట అనగానే అక్క కంగారు పడుతుందని నాకు తెలుసు. ఆ కంగారు ఊరికే వచ్చింది కాదు. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే పేకాటలో మన దగ్గర ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయో తనకి తెలుసు. అందుకే 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ దాన్ని నిషేధించాయి. అదే సమయంలో, రమ్మీలో నేర్పుదే పెద్ద పాత్ర అని మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఈ రెండూ నిజమే. ఎంత తీసుకెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో అమ్మకి ముందే చెప్పు. దాచి వెళ్తే నీకే మనసు కుదురుగా ఉండదు, ఆట మీద ధ్యాస నిలవదు.

నీకు 21 నిండాయి కాబట్టి వయసుతో పేచీ లేదు, కానీ డ్రైవింగ్ లైసెన్స్ మర్చిపోకు. అక్కడ పెద్ద పోకర్ రూమ్ బోర్గాటాలో ఉంది. అది బోర్డ్‌వాక్ మీద కాదు, మెరీనా వైపు. 2003లో తెరిచారు. శనివారం మధ్యాహ్నం వెళ్తే పేరు రాయించుకుని చాలాసేపు నిలబడాలి, అందుకే పొద్దున్నే చేరండి. కౌంటర్ దగ్గర 'వన్-త్రీ హోల్డెమ్' అని చెప్పి పేరివ్వు. హోల్డెమ్ అంటే చేతిలో రెండు ముక్కలు, అందరికీ కలిపి కింద అయిదు. ఆ అయిదులో మొదటి మూడు ఫ్లాప్, నాలుగోది టర్న్, అయిదోది రివర్. సీటు దొరికాక చిప్స్ తీసుకో. అట్లాంటిక్ సిటీలో ఒక డాలరు తెలుపు, అయిదు ఎరుపు, పాతిక ఆకుపచ్చ, వంద నలుపు. కూర్చోగానే తొందరపడి ఆడెయ్యకు. బిగ్ బ్లైండ్ (మూడు డాలర్లు పెట్టే వంతు) నీ దాకా వచ్చేలోపు ఎవరు ప్రతి ఆటలోకీ దూరుతున్నారో, ఎవరు కదలకుండా కూర్చున్నారో చూడు. ఆ కాసేపట్లో తెలిసేది రోజంతా పనికొస్తుంది.

ఇక్కడ ఒక నియమం మనవాళ్లకి ముఖ్యం. హ్యాండ్ (ఒక పంపకం ఆట) నడుస్తున్నంతసేపూ టేబుల్ దగ్గర ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడాలి. పక్కనున్న స్నేహితుడితో తెలుగులో 'ఆకలేస్తోందా' అన్నా సరే, మిగతావాళ్లకి అది ముక్కల గురించి చెప్పుకుంటున్నట్టే ఉంటుంది. డీలర్ మందలిస్తాడు, టేబుల్ అంతా మిమ్మల్ని అనుమానంగా చూస్తుంది. నన్నడిగితే మీరు నలుగురూ నాలుగు టేబుళ్ల దగ్గర కూర్చోవడం మేలు. ఒకే టేబుల్ దొరికితే స్నేహితుడని చూసి వదిలెయ్యడం, ఇద్దరే మిగిలాక పందెం కాయకుండా చెక్ చేసుకుంటూ పోవడం చెయ్యొద్దు. మీకది మర్యాదగా అనిపించొచ్చు, మిగతా ఏడుగురికి మాత్రం అది మోసం.

మాట నోట్లోంచి వస్తే అదే ఖాయం. 'కాల్' (అవతలివాళ్ల పందేనికి సమానంగా పెట్టడం) అన్నాక రైజ్ (పందెం పెంచడం) చెయ్యలేవు. రైజ్ చెయ్యాలంటే ముందు 'రైజ్' అని, ఎంతో చెప్పి, అప్పుడు చిప్స్ పెట్టు. అవతలివాళ్లు పందెం కాశాక ఏమీ అనకుండా ఒక్క పాతిక చిప్ ముందుకి తోస్తే అది కాల్ కిందే లెక్క. కొన్ని పెట్టి, మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకొన్ని తెచ్చి పెడితే ఒప్పుకోరు. నీ వంతు రాకముందే ముక్కలు పారెయ్యకు, ఉన్న ముక్కల మీద ఒక చిప్ బరువు పెట్టుకో. లేకపోతే డీలర్ పొరపాటున లాగేసుకోవచ్చు, లాగేసిన ముక్కలు మళ్లీ నీవి కావు. పాట్ (మధ్యలో పోగైన పందెం డబ్బు) గెలిచినప్పుడు డీలర్‌కి ఒక డాలరు ఇవ్వడం అక్కడి పద్ధతి. డ్రింకులు ఊరికే ఇస్తారు. నువ్వు మాత్రం కాఫీ, నీళ్లు తీసుకుని తెచ్చినావిడకి ఒక డాలరు ఇవ్వు.

టేబుల్ దగ్గర నువ్వొక్కదానివే అమ్మాయివి కావచ్చు. భయపడాల్సిందేమీ లేదు, చాలామంది మర్యాదస్తులే. ఎవరైనా హద్దు దాటి మాట్లాడితే నువ్వు వాదనకి దిగకు. డీలర్‌తో 'ఫ్లోర్‌ని పిలవండి' అను, ఫ్లోర్ అంటే అక్కడి సూపర్‌వైజర్లు, వాళ్లు వచ్చి చూసుకుంటారు. అలా పిలవడం ఆటగాడి హక్కు, అందులో సిగ్గుపడేదేం లేదు.

ఇప్పుడు ఆట. నేను నీకు నేర్పాలనుకున్నది ఒక్కటే, వదిలెయ్యడం. మనింట్లో సంక్రాంతికి రమ్మీ ఆడినప్పుడు మొదటే డ్రాప్ అయితే 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, చివరిదాకా పట్టుకుని ఓడితే 80 కదా. పోకర్ అంతకంటే దయగలది. బ్లైండ్ నీది కానప్పుడు మొదటే ఫోల్డ్ చేస్తే, అంటే ముక్కలు వదిలేస్తే, పైసా ఖర్చు లేదు. అయినా ఎనిమిది-నాలుగు చేతిలో పెట్టుకుని 'మూడు డాలర్లే కదా' అంటూ లోపలికి వచ్చేవాళ్లు ప్రతి టేబుల్‌లోనూ ఉంటారు. ఆ మూడు, ఫ్లాప్‌లో ఒక జత తగిలాక ముప్ఫై, రివర్‌కి వంద అవుతుంది.

లైవ్ ఆట నెమ్మది. గంటకి ముప్ఫై హ్యాండ్లు పడితే గొప్ప. రెండు ఆసులు సగటున 221 సార్లకి ఒకసారి వస్తాయి, అంటే ఏడు గంటలు కూర్చుంటే ఒకసారి వస్తాయని లెక్క. అసలు రాకపోవచ్చు కూడా. ఫోన్లో ఆడిన అలవాటుతో వెళ్తే గంటలో విసుగొచ్చి చెత్త ముక్కలు ఆడటం మొదలుపెడతారు. నిజానికి చిన్న టేబుళ్ల దగ్గర డబ్బు ఎక్కువగా పోయేది ఈ విసుగువల్లే. విసుగనిపిస్తే లేచి తిరిగిరా, లేదా నీ దగ్గర ముక్కలు లేనప్పుడు మిగతావాళ్లు ఏం చూపిస్తున్నారో గమనించు. పక్కవాళ్లు చేతిలో ఏం పట్టుకుని ఉంటారో మనసులో ఊహించి, షోలో తేలాక సరిచూసుకో. నాకు ఆటలో ఎక్కువ ఆనందం ఇచ్చేది ఇదే.

మంచి ముక్కలు వస్తే మాత్రం మొహమాటం వద్దు. ఆసు-రాజు, ఆసు-రాణి, రాణుల జత, రాజుల జత లాంటివి. ముందు ఇద్దరు ముగ్గురు మూడేసి పెట్టి ఊరుకున్నారనుకో, తొమ్మిది అంటే అందరూ వచ్చేస్తారు. పద్దెనిమిదో ఇరవయ్యో చెయ్యి. రెండు ఆసులు ఒక్కడితో తలపడితే వందకి 85 సార్లు గెలుస్తాయి, అదే ఏమున్నా వచ్చేసే ఐదుగురితో అయితే సగం సార్లు కూడా కష్టమే. గుంపు తగ్గించడానికే ఆ పెద్ద పందెం. బటన్ దగ్గర, అంటే చివర మాట్లాడే సీటులో, కాస్త ఎక్కువ ముక్కలు ఆడొచ్చు. మొదట మాట్లాడాల్సిన సీట్లలో బాగా బిగించి ఆడు.

ఒక ఉదాహరణ చెప్తాను, జాగ్రత్తగా చదువు. బటన్ దగ్గర నీకు ఆసు-రాణి వచ్చాయి. ఇద్దరు మూడేసి పెట్టారు. నువ్వు 18కి రైజ్ చేశావు, బ్లైండ్ల వాళ్లు తప్పుకున్నారు, ఆ ఇద్దరూ కాల్ చేశారు. పాట్ 58. ఫ్లాప్ ఆసు, ఎనిమిది, మూడు, మూడూ వేరువేరు గుర్తులు. వాళ్లు చెక్ అన్నారు. నువ్వు 30 కాశావు, ఒకాయన కాల్. పాట్ 118. టర్న్ ఐదు. నువ్వు 60, ఆయన కాల్. పాట్ 238. రివర్‌లో మళ్లీ ఎనిమిది పడింది. అప్పటిదాకా కాల్ తప్ప ఏమీ అనని ఆ పెద్దమనిషి, తన వంతు రాగానే ఉన్నదంతా తోసేశాడు. నీ దగ్గర ఇంకా 192 ఉంది. కింది ఆసుతో కలిసి ఆసుల జత కుదిరింది కదా అని మనసు లాగుతుంది. ఫోల్డ్ చెయ్యి. ఇలాంటి టేబుల్ దగ్గర రోజంతా నెమ్మదిగా కాల్ చేసే మనిషి రివర్‌లో హఠాత్తుగా పందెం కాస్తే అది చాలాసార్లు నిజం. మూడో ఎనిమిది ఆయన దగ్గర ఉందనుకో. ఆ 192 మిగుల్చుకోవడం ఒక పాట్ గెలవడంతో సమానం.

దీన్నుంచే ఇంకోటి తెలుస్తుంది. కాల్ చెయ్యడమే అలవాటైన వాళ్ల మీద బ్లఫ్ (బలం లేకపోయినా పందెం కాసి భయపెట్టడం) పనిచెయ్యదు. వాళ్లు చూడటానికే డబ్బిచ్చి కూర్చున్నారు. నీ దగ్గర బలం ఉన్నప్పుడు గట్టిగా కాయి, లేనప్పుడు చెక్ చేసి వదిలెయ్యి. మొదటి రోజుకి ఇది చాలు.

రంగు (ఒకే గుర్తున్న అయిదు ముక్కలు) కోసం ఎదురు చూసేటప్పుడు మాత్రం కొంచెం లెక్క వెయ్యాలి. చేతిలో రెండు ఇస్పేట్లు, కింద రెండు, టర్న్ కూడా పడిపోయింది. నీకు కనపడని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు తొమ్మిది. అంటే ఇంచుమించు ఐదింటికి ఒకసారి వస్తుంది. పాట్‌లో 60 ఉండి అవతలివాడు 20 కాస్తే, నువ్వు 20 పెట్టి 80 కోసం ఆడుతున్నావు, అది న్యాయమైన ధర. అదే 60 కాస్తే 60 పెట్టి 120 కోసం ఆడటం, ఆ ధరకి రంగు కొనకు. చిన్న జతలకీ అంతే. చేతిలో నాలుగుల జత ఉంటే ఫ్లాప్‌లో మూడో నాలుగు దాదాపు ఎనిమిదింటికి ఒకసారే వస్తుంది. చవగ్గా చూడగలిగితే చూడు, రాకపోతే దణ్ణం పెట్టి వదిలెయ్యి.

పోకర్‌లో క్యాసినో నీతో ఆడదు, ప్రతి పాట్‌లోంచి కొంత తీసుకుంటుంది. దాన్ని రేక్ అంటారు. చాలా చోట్ల పాట్‌లో పదో వంతు, ఐదారు డాలర్ల హద్దు వరకూ. ఫ్లాప్ పడకుండానే ఆట ముగిస్తే మామూలుగా తీసుకోరు. సగటున నాలుగు డాలర్లు అనుకున్నా, గంటకి ముప్ఫై హ్యాండ్లకి టేబుల్ మీంచి 120 వెళ్లిపోతుంది, తొమ్మిది మంది ఉంటే తలా 13. నువ్వు సమానంగా ఆడినా గంటకి అంత తరుగుతావన్నమాట. చిన్న చిన్న పాట్లకోసం పోట్లాడటం ఎందుకు నష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది. పోకర్ రూమ్ నుంచి బయటికి వచ్చే దారిలో రూలెట్ ఉంటుంది. రెండు సున్నాల చక్రంలో ఎక్కువ రకాల పందేల మీద ప్రతి వంద డాలర్లకీ క్యాసినోకి సగటున అయిదు డాలర్ల పైనే మిగులుతుంది. పోకర్‌లో ఓపికగా గెలిచింది అక్కడ పది నిమిషాల్లో పోగొట్టుకునేవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. చిప్స్ మార్చుకున్నాక ఆ డబ్బు బ్యాగులో లోపలి జేబులో పెట్టి జిప్పు వేసెయ్యి.

ఒకే కారులో వెళ్తున్నారు కాబట్టి తిరుగు ప్రయాణం టైమ్ బయల్దేరే ముందే అనుకోండి. రాత్రి ఎనిమిది అంటే ఎనిమిదే. ఓడినవాడు 'ఇంకో గంట' అంటాడు, గెలిచేవాడూ అదే అంటాడు. ఒకరికొకరు అప్పులివ్వకూడదని కూడా ముందే ఒప్పందం చేసుకోండి, టేబుల్ దగ్గర అడిగాక కాదనడం కష్టం. పార్క్‌వే హైవే మీద దాదాపు రెండు గంటల డ్రైవ్. రోజంతా కూర్చుని ఆడినవాళ్లకి కళ్లు మూతలు పడతాయి. నడిపేవాళ్లు ఒక గంట ముందే ఆట ఆపి ఏమైనా తిని, కాసేపు నడవాలి.

మీలో ఎవరైనా పోయినదాన్ని రాబట్టాలనే తపనతో మళ్లీ మళ్లీ వెళ్తుంటే, ఇంట్లో దాస్తుంటే, ఊరుకోవద్దు. 1-800-GAMBLER అనే నంబర్‌కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. న్యూజెర్సీ క్యాసినోల్లోకి తననే రానివ్వొద్దని మనిషి స్వయంగా రాసిచ్చే ఏర్పాటు కూడా ఉంది. నీకే అలా అనిపించినా ముందు నాకు ఫోన్ చెయ్యి, నేను తిట్టను.

చివరగా, ఒక చిన్న పుస్తకం పెట్టుకుని తేదీ, ఎంతసేపు ఆడావు, ఎంత తీసుకెళ్లావు, ఎంత తెచ్చావు అన్నీ రాసుకో. క్యాసినో ఏ కాగితం ఇవ్వకపోయినా గెలిచింది ఇక్కడ ఆదాయమే, టాక్స్‌లో చూపించాలి. 2026 నుంచి పోగొట్టుకున్న దాంట్లో 90 శాతమే తగ్గించుకోనిస్తున్నారు, అదీ ఐటమైజ్ చేసేవాళ్లకి (తగ్గింపులు విడివిడిగా చూపించేవాళ్లకి), గెలిచిన మొత్తం మేరకే. ఫైల్ చేసేటప్పుడు ఆ పుస్తకం మీ బాబాయికి చూపించు, ఆయన చూసి పెడతారు.

శుక్రవారం రాత్రి త్వరగా పడుకో. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఇటు రా. వచ్చేటప్పుడు నీకు కష్టమనిపించిన రెండు మూడు హ్యాండ్లు గుర్తుపెట్టుకుని రా, కూర్చుని మాట్లాడుకుందాం.

ఇట్లు
మీ పిన్ని